సారు చేత్తో కలిపిన సీసా

మా ల్యాబులో ఫ్రిజ్జు పైఅరలో ఒక గోధుమరంగు గాజు సీసా ఉండేది. దాని మీద తెల్ల ప్లాస్టరు, ప్లాస్టరు మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో 'స్టాండర్డు - ముట్టరాదు' అన్న మాట, కింద సారు సంతకం. ఆ అరలో ఇంకేదీ పెట్టకూడదు. శాశ్వతం అన్నయ్య ఒకసారి తెలియక తన అన్నం డబ్బా దాని పక్కన పెట్టి, నాలుగు గోడలూ దద్దరిల్లేలా తిట్లు తిన్నాడు. ఆయన్ని శాశ్వతం అని ఎందుకంటారంటే, నేను చేరకముందు నుంచీ ఆయన గుల్లల మీద పరిశోధన చేస్తూనే ఉన్నాడు. సారు తర్వాత ఆ గదిలో కదలనివి రెండే, ఒకటి గోడ బీరువా, రెండోది ఆయన.

నాది సముద్రపు గడ్డి. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం ఎలా మారుతుందో నాకు కంఠతా వచ్చు. ముందు జాలిగా చూస్తారు, తర్వాత "అంటే నాచేనా?" అంటారు. నాచు కాదండీ. నాచుకి వేరుండదు, పువ్వుండదు. ఇది అచ్చంగా పొలం గట్టు మీద మొలిచే గడ్డి జాతి మనిషే. ఎప్పుడో దారి తప్పి సముద్రంలో దిగి, అక్కడే కాపురం పెట్టేసింది. వేరుంది, పువ్వుంది, పుప్పొడి ఉంది. లేనిదల్లా ఒడ్డున అడిగేవాళ్ళు.

"గడ్డి కోసేవాళ్ళని చూశాను, గడ్డి మేపేవాళ్ళని చూశాను. గడ్డి చదివేవాళ్ళని నిన్నే చూస్తున్నానమ్మాయ్," అనేది మా అత్తయ్య.

ఆవిడ కోపానికి కారణముంది. ల్యాబులో ఆరబెట్టే గదిని సారు మీటింగు గదిగా మార్చి సోఫా వేయించుకున్నాక, నా గడ్డి మా ఇంటికొచ్చింది. సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, వంగి, వేళ్ళతో సహా పీకి, ఆకుల మీద పేరుకున్న జిగురూ గవ్వపిల్లలూ గాజుపలకతో గీకి, మంచినీళ్ళలో కడిగి, తీసుకొచ్చి ముందుగదిలో నవారు మంచం మీద పాత దుప్పటి పరిచి ఫ్యాను కింద ఆరబోసేదాన్ని. అది అత్తయ్య మంచం. ఇల్లంతా చేపల వాసన. మా ఆయన కింద కొట్లో మోటార్లకి తీగ చుడతాడు. ఆయన ఒంటికి వార్నిష్ వాసన. పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి. అత్తయ్య ముక్కు మీద కొంగు వేసుకుని మధ్యలో కూచునేది.

"అది ఎండేదెప్పుడు, నువ్వు డాక్టరయ్యేదెప్పుడు, నేను పడుకునేదెప్పుడు?"

"ఈ ఏడాదితో అయిపోతుంది అత్తయ్యా."

"పోయినేడాదీ ఇదే మంచం మీద ఇదే గడ్డి, ఇదే మాట."

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. నా గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఈ విడత వైవా అవకపోతే రిజిస్టరులో నా పేరు కొట్టేస్తామని ఆఫీసువాళ్ళు మొహం మీదే చెప్పారు. పెళ్ళయ్యాక చదువుకి ఒప్పించడానికి నేను పడ్డ పాట్లు, మా ఆయన పండగలకి కూడా కొట్టు మూయకుండా నెట్టుకొచ్చిన రోజులు, అత్తయ్య మంచం, అన్నీ ఆ వైవాకే ముడేసి ఉన్నాయి. అది పోతే నా దగ్గర మిగిలేది ఎండుగడ్డి మూటలే.

ఇక ఆ సీసా సంగతి. ఇనుముకి తుప్పు పట్టినట్టు మనిషి ఒంటికీ లోపల్లోపల ఒక తుప్పు పడుతుందట. దాన్ని అడ్డుకునే సరుకుని యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. అవి దేంట్లో ఎంత ఉన్నాయో తేల్చడానికి ఒక ఊదారంగు మందుంది. గడ్డి పొడిని మిథనాల్లో నానబెట్టి వడగట్టిన సారం అందులో పోస్తే, సారంలో సత్తా ఉంటే ఊదా విరిగి పసుప్పచ్చ అవుతుంది. ఎంత విరిగిందో రంగు కొలిచే మిషను అంకె వేసి చెబుతుంది. ఐతే ఒట్టి అంకె ఎవడిక్కావాలి? దేంతో పోలిస్తే ఎంత అని చెప్పాలి. అందుకు ప్రపంచమంతా వాడే కొలబద్ద విటమిన్ సి. ఫలానా గడ్డి బలం విటమిన్ సి బలంలో ఇంత, అని రాస్తాం. ఆ విటమిన్ సి నీళ్ళే గోధుమ సీసాలో ఉన్నవి.

మిగతా చోట్ల ఆ నీళ్ళు ఏ రోజుకారోజు కలుపుకుంటారట. మా దగ్గరా ఒకప్పుడు అంతే. ఒకమ్మాయి ఒకరోజు చిక్కగా, ఒకరోజు పల్చగా కలిపి, ఆ అంకెలు సారు చేత పెద్ద సభలో చదివించింది. అక్కడెవరో నవ్వారు. సారు తిరిగొచ్చి మమ్మల్నందరినీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"బట్టల కొట్టువాడు గజంబద్దని రోజుకొకటి మారుస్తాడా?"

"మార్చడు సార్," అన్నాం.

"మారిస్తే అది బద్ద అవుతుందా?"

"అవదు సార్."

"ఐతే ఇక నుంచీ ఒకటే స్టాండర్డు, ఒకటే చెయ్యి, ఒకటే సీసా!"

ఆ చెయ్యి ఆయనదే. ప్రాజెక్టు మొదలైన రోజున ఫొటోగ్రాఫర్ని పిలిపించి, తెల్లకోటు వేసుకుని, తూచి, నీళ్ళలో కలిపి, సీసాలో పోసి, ప్లాస్టరు అంటించారు. డిపార్టుమెంటంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. చెప్పొద్దూ, మాట వినడానికి అంత బావుంది. గజంబద్దని ఎవరు కాదంటారు? అప్పట్నుంచీ సారు చూస్తుండగా పిపెట్‌తో చుక్కలు లెక్కగా తీసుకుని, మళ్ళీ మూత బిగించి, సీసాని పసిబిడ్డని ఉయ్యాల్లో పెట్టినట్టు పైఅరలో పెట్టేవాళ్ళం.

మొదటి కొలతలో నా గడ్డి విటమిన్ సి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. తర్వాతి కొలతకి కొంచెం తలెత్తింది. ఇంకో రెణ్ణెల్లకి భుజం భుజం రాసుకుంది. ఆ తర్వాత విటమిన్ సి ని దాటిపోయి, వెనక్కి తిరిగి కూడా చూళ్ళేదు.

సారు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ప్రతి కొలతకీ ఒక సిద్ధాంతం తయారు. ఎండాకాలంలో పెరిగితే, "ఎండదెబ్బ తట్టుకోడానికి గడ్డి లోపల కవచం కట్టుకుంటోందమ్మా, రాసుకో." వానాకాలంలో ఇంకా పెరిగితే, "నీళ్ళలో ఉప్పు తగ్గిన కంగారు. రాసుకో." చలికాలంలో మరీ పెరిగితే, "చలి. రాసుకో."

"అంటే ఆ గడ్డికి సుఖపడే కాలమే లేదన్నమాట," అన్నాడు శాశ్వతం అన్నయ్య, గుల్లల మధ్యనుంచి తలెత్తకుండా.

నాకు లోపల ఒక బెంగ మాత్రం ఉండేది. నేను అసలు చూడాలనుకున్నది వేరే. ఒడ్డు దగ్గర ఎండ బాగా తగిలే చోట ఒక గడ్డిమడి, కాస్త లోతుకెళ్తే మసక నీళ్ళలో ఇంకో మడి. రెంటిలోనూ అదే జాతి. ఎండ తినే గడ్డికి ఆ సరుకు ఎక్కువ ఉంటుందా, నీడగడ్డికా? ఒకే రోజు కొలిస్తే చిన్న తేడా కనపడేది. ఒకటి ముందు, ఇంకోటి తర్వాతి నెల కొలిస్తే ఆ తేడా కాస్తా గోడలెక్కే అంకెల్లో కొట్టుకుపోయేది. సారుకి చెబితే, "చిన్న తేడాలు చిన్నవాళ్ళకి. మనం విటమిన్ సి నే కొట్టాం!" అన్నారు.

అంతలో క్యాప్సూళ్ళాయన దిగాడు. గడ్డిపొడిని గొట్టాల్లో కూరి అమ్మే వ్యాపారం పెడతాడట. వచ్చినవాడు ఊరికే రాలేదు, డబ్బా మీద అంటించే కాగితం రంగుల్లో అచ్చువేయించి మరీ తెచ్చాడు. 'విటమిన్ సి ని మించిన సముద్రశక్తి.' సారు రెండు చిన్న గొట్టాల్లో ఊదామందు పోసి చూపించారు. గడ్డిసారం పోసింది కాఫీ తాగేలోపు పసుప్పచ్చయింది, సీసా చుక్కలు పోసింది ఊదాగానే బిగుసుకుని కూచుంది. క్యాప్సూళ్ళాయన దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు.

"వైవా రోజు నేను పెద్దమనుషుల్ని తీసుకొస్తాను సార్. వాళ్ళ ముందు ఇదే చేసి చూపించాలి," అన్నాడు.

అలా నా వైవా కాస్తా సారు జాతర అయింది.

ఆ జాతరకి తెరమీద చూపించడానికి సారుకి ఇంకో బొమ్మ కావాల్సొచ్చింది. "నేలగడ్డి పక్కన సముద్రపు గడ్డిని నిలబెట్టి చూపిద్దాం. మన బిల్డింగు ముందు లాన్ ఉంది కదా, గుప్పెడు కోసి కొలువు. సున్నా వస్తుంది. బొమ్మ అదిరిపోతుంది," అని చెప్పి, ఆయన ఏదో సభలో గడ్డి గురించి మాట్లాడ్డానికి ఊరెళ్ళారు. వెళ్తూ వెళ్తూ సీసా ముట్టడానికి నోటిమాటగా అనుమతిచ్చారు.

లాన్ గడ్డి కోశాను. కుక్కలు పొర్లే గడ్డి అది. కొలిచాను. విటమిన్ సి ని చిత్తుగా ఓడించింది.

మిషను చెడిందనుకున్నాను. మళ్ళీ కొలిచాను. మళ్ళీ గెలిచింది. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. చుట్టూ చూస్తే మూలన చీపురుంది. రెండు పుల్లలు లాగి, ముక్కలు చేసి, దంచి, నానబెట్టి, వడగట్టి కొలిచాను. చీపురు కూడా విటమిన్ సి ని మించిపోయింది.

"అన్నయ్యా, ఇలా రా."

శాశ్వతం వచ్చాడు. అంకె చూశాడు, చీపురు చూశాడు, నన్ను చూశాడు.

"రేపట్నుంచి నిమ్మకాయ మానేసి చీపురు పిండుకుని తాగుదామా?"

"నవ్వకు."

"నవ్వట్లేదమ్మా. నిమ్మకాయ గురించి ఆలోచిస్తున్నా."

నేనూ దాని గురించే ఆలోచిస్తున్నాను. గోధుమ సీసాలోంచి కొన్ని చుక్కలు తెల్ల గాజుగిన్నెలో పోశాను. నీళ్ళలా ఉండాల్సినవి పల్చటి తేయాకు నీళ్ళ రంగులో ఉన్నాయి. ముదురు గాజు వెనక ఇన్నాళ్ళూ ఆ రంగు ఎవరికీ కనపడలేదు. ఊదామందులో ధారాళంగా పోశాను. ఊదా ఊదాగానే ఉంది. తర్వాత బీరువాలోంచి విటమిన్ సి పొడి తీసి, ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి, నా చేత్తో తాజాగా నీళ్ళలో కలిపి పోశాను. నేను గిన్నె కింద పెట్టేలోపే ఊదా ఎగిరిపోయింది.

తుప్పు ఆపే సరుకుకే తుప్పు పట్టింది. నీళ్ళలో కలిపిన విటమిన్ సి గాలి తగిలి రోజుల్లోనే చచ్చిపోతుంది. మా సారు దాన్ని కలిపి, సంతకం పెట్టి, కాలాలు మారుతున్నా చల్లగా దాచారు. చచ్చింది కొలబద్ద. పెరుగుతున్నట్టు కనపడింది గడ్డి. అది ఎప్పుడూ పెరగలేదు, ఎక్కడున్నది అక్కడే ఉంది. పక్కనున్నవాడు కుంగిపోతుంటే తాను పొడుగవుతున్నాననుకునే మనిషిలా.

సారు ఊళ్ళో లేని వారమంతా ముద్ద సరిగా దిగలేదు నాకు. దాచిపెట్టిన పొడులన్నీ మళ్ళీ తీసి, ఏ రోజుకారోజు కొత్త విటమిన్ సి కలిపి, మొదటి నుంచీ కొలుచుకొచ్చాను. నిజం తేలింది. విటమిన్ సి ముందు నా గడ్డి పిల్లకాకి. కానీ ఆ తప్పుడు వరద తియ్యగానే, అడుగున నా చిన్న తేడా చెక్కుచెదరకుండా కనపడింది. ఎండమడి గడ్డికి ఎక్కువ, లోతుమడి గడ్డికి తక్కువ. ఏ నెల చూసినా అంతే. ప్రపంచాన్ని తలకిందులు చేసేది కాదు. కానీ నిజం, పైగా నాది. కుర్చీలో కూచుని ఆ అంకెల్ని ఎంతసేపు చూసుకున్నానో.

సారు రాగానే చెప్పాను. లాన్ సంగతి చెప్పాను, చీపురు సంగతి చెప్పాను. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చీపురులో కూడా ఉందా?"

"ఉంది సార్."

"అద్భుతం! చీపురు మీద ఇంతవరకూ ఎవరూ పని చెయ్యలేదమ్మా. అది వేరే ప్రాజెక్టు. ఎవరికీ చెప్పకు."

"అది కాదు సార్. సీసాలో విటమిన్ సి చచ్చిపోయింది."

ఆయన మొహం ముడుచుకుంది. "నా సీసానా?"

"సార్, నేను కొత్తగా కలిపి చూస్తే..."

"నువ్వు కలిపావా? ఎవరినడిగి?" ఒంటికాలి మీద లేచారు. "అదే చెబుతున్నా! చెయ్యి మారింది, అంకె మారింది! ఇందుకే కదా ఒకటే చెయ్యి అన్నది? అదే పొడి, అదే తూకం, నేను కలిపితే ఎందుకు మారుతుంది?"

"సార్, కొత్త అంకెలతో పట్టిక వేశాను. ఒక్కసారి చూడండి."

చూళ్ళేదు. కాగితాల్ని వేలితో నా వైపు నెట్టారు. "ఆ అధ్యాయం తీసేస్తే నీ థీసిస్‌లో మిగిలేదేంటి? మళ్ళీ మొదట్నుంచి రాస్తావా? నీ గడువెంతో నీకు తెలుసు. నా సంతకం లేకుండా ఎలా వెళ్తావో నాకు తెలుసు. ఇంటికెళ్ళి పడుకో, ఆలోచించు."

ఇంటికెళ్ళాను. పడుకోడానికి మంచం లేదు, దాని మీద గడ్డి ఉంది. అన్నాల దగ్గర సంగతంతా చెప్పాను. మా ఆయన కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి విన్నాడు.

"నోరు మూసుకుంటే వచ్చేస్తుందా డిగ్రీ?" అన్నాడు.

"వచ్చేస్తుందండీ."

"నోరు తెరిస్తే?"

"ఆయన సంతకం పెట్టకపోతే అంతే సంగతులు."

"మరి ఇంకేం ఆలోచన? మూసుకో," అంది అత్తయ్య. "నా మంచం నాకొస్తుంది."

"అత్తయ్యా, జనం ఆ పొడి కొనుక్కుని మింగుతారు. పైగా దాని మీద నా పేరుంటుంది, ఫలానా ఆవిడ కనిపెట్టిందని."

అత్తయ్య మజ్జిగ పోసుకుంటూ అంది. "మీ మావగారికి చివర్లో ఎవడో ఇలాగే ఏదో పొడి అమ్మాడు. డబ్బా మీద ఒక కోటేసుకున్న ఆడమనిషి బొమ్మ. నేనా మొహాన్ని చాలాకాలం తిట్టుకున్నాను. పాపం ఆవిడెవరో ఏమో." గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది. "పోనీ మీ సారునే చెప్పనీరాదూ? మగాళ్ళు తమ నోటితో అన్నమాటే వింటారు. ఇదుగో, వీడూ అంతే."

"నన్నెందుకు లాగుతావమ్మా మధ్యలో," అన్నాడు మా ఆయన.

నేను కంచంలో చెయ్యి అలాగే ఉంచి ఆవిడ వంక చూశాను.

మర్నాడు సారు దగ్గరికెళ్ళి చాలా వినయంగా నిలబడ్డాను. "ఆలోచించాను సార్. మీరు చెప్పింది నిజమే. చెయ్యి మారకూడదు."

సారు మొహం విచ్చుకుంది. "తెలివిగల పిల్లవి."

"వైవాకి పెద్దమనుషులు వస్తున్నారు కదా సార్. చిన్న గొట్టాల్లో చేస్తే వెనక వరసకి ఏం కనపడుతుంది? పెద్ద గాజు జాడీలు పెడదాం. హాలంతా చూస్తుంది."

"ఆహా! పెట్టు!"

"సీసాలో అడుగున నాలుగు చుక్కలే మిగిలాయి సార్. జాడీకి చాలవు. మీరు అక్కడే, అందరి ముందూ, మీ చేత్తో..."

ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు. "తెల్లకోటు ఇస్త్రీకి ఇవ్వు," అన్నారు.

నేను చేసిన కుట్ర అంతే. ఆయన సీసాని నేను ముట్టలేదు, పొడి మార్చలేదు, తూకం కదపలేదు. జాడీలు కడిగి పెట్టాను.

వైవా రోజున హాలు నిండింది. క్యాప్సూళ్ళాయన ముందు వరసలో, ఆయన వెనక మెరిసే చొక్కాల వాళ్ళు. పక్క కుర్చీలో పరీక్షకురాలు. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దావిడ, కూచున్నప్పట్నుంచీ గడియారం చూసుకోవడమే పని. నా థీసిస్ ఆవిడ ఒళ్ళో ఉంది. బైండింగువాడు సరిగా కొయ్యక అతుక్కుపోయిన పేజీలు అతుక్కున్నట్టే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. ఈవిడ కోసమా నేను తిండి మానేసింది? నోరు మూసుకుని కూచుంటే ఈవిడ రైలు అందుకుంటుంది, నేను డాక్టరేటు అందుకుంటాను.

"తొందరగా కానిద్దామా? నా రైలుకి టైమవుతోంది," అందావిడ.

వెనక వరసలో మా ఆయన, పక్కన అత్తయ్య. వార్నిష్ వాసన ఇక్కడిదాకా రాదు గానీ ఆవిడ ముక్కు మీద కొంగు మాత్రం ఉంది.

సారు ఇస్త్రీ కోటులో వేదికెక్కారు. బల్ల మీద రెండు జాడీలు, నిండా ఊదామందు. ఎండ కిటికీలోంచి పడి రెండూ నేరేడుపళ్ళ రసంలా మెరుస్తున్నాయి.

"ఒకదాంట్లో మన గడ్డి. ఇంకోదాంట్లో లోకం నెత్తిన పెట్టుకున్న విటమిన్ సి. ఇది ఇప్పుడే, మీ ముందే, నా చేత్తో కలుపుతున్నాను. ఎందుకంటే స్టాండర్డు అంటే..." అని గజంబద్ద కథంతా చెప్పారు. చెబుతూనే తూచారు, కలిపారు. నాలాంటిదాని మీద నమ్మకం లేక తిప్పే గాజుకడ్డీ కూడా తనే పట్టుకున్నారు.

ముందు గడ్డిసారం పోశారు. జాడీ కొంచెం మసకబారింది, అంతే. "దీనికి కాస్త సమయం పడుతుంది. పెద్దమనిషి కదా, నెమ్మదిగా లేస్తుంది," అని నవ్వారు. అందరూ నవ్వారు.

తర్వాత రెండో జాడీలో విటమిన్ సి పోశారు.

ఊదా మాయమైపోయింది. పోసిన ధార అడుగుకి చేరేలోపే జాడీ జాడీ అంతా లేత పసుప్పచ్చ. సారు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

ముందుగా చప్పట్లు కొట్టింది క్యాప్సూళ్ళాయన. ఏ జాడీ ఏదో ఆయన మర్చిపోయాడు. ఆయన్ని చూసి మెరిసే చొక్కాలు కొట్టాయి. హాలంతా కొట్టింది. ఆ చప్పట్ల మధ్య సారు పసుపు జాడీని, ఊదా జాడీని మార్చి మార్చి చూశారు. చీటీలు తారుమారయ్యాయేమోనని వంగి చదివారు. తారుమారు కాలేదు.

పరీక్షకురాలు గడియారం మీదనుంచి తలెత్తింది. "ఒక్క నిమిషం. పసుపైంది విటమిన్ సి కదూ?"

"అవునండీ," అన్నాను నేను.

"గడ్డి ఇంకా ఊదాగానే ఉందే? థీసిస్‌లో గడ్డిదే పైచెయ్యి అని ఉంది కదా?" మొదటి పేజీ సారాంశం మాత్రం చదివిందన్నమాట. అప్పుడు, ఆ రోజు మొదటిసారి, గోటితో ఒక పేజీ విప్పింది. "ఏమిటమ్మా ఇది?"

సారు నా వైపు చూశారు. బెదిరింపుగా కాదు. మొదటిసారి, ఏం చెప్పాలో తెలియనివాడు పక్కవాడి కాగితంలోకి చూసే చూపు.

సంచిలోంచి కొత్త పట్టిక తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "థీసిస్‌లో ఉన్నది తప్పండీ. కొలబద్ద పాతబడిపోయింది. ఇది ఏ రోజుకారోజు తాజాగా కలిపి కొలిచినది. విటమిన్ సి తో పోలిస్తే గడ్డి బలం చాలా తక్కువ. కానీ ఎండ తగిలే చోట ఎక్కువ, లోతులో తక్కువ, ప్రతిసారీ. నేను చెప్పగలిగింది ఇంతే."

ఆవిడ చదివింది. రైలు గుర్తుకొచ్చినట్టు లేదు. కళ్ళజోడు పైకి తోసుకుని ఎండమడి గురించి రెండు, లోతుమడి గురించి మూడు ప్రశ్నలు అడిగింది. చెప్పాను. ఆ గడ్డిలో వంగి నడుం విరగ్గొట్టుకున్నదాన్ని, నాకు రాని జవాబు ఏముంటుంది?

"ఇది బావుంది. మరి దీన్నే ముందు పెట్టకపోయారా?"

నేను నోరు తెరిచేలోపు వేదిక మీదనుంచి గొంతు వినపడింది.

"అదే మేడమ్ నేను చూపించదల్చుకున్నది!" సారు కోటు సవరించుకున్నారు. మొహంలో రంగు మళ్ళీ ఎక్కింది. "స్టాండర్డు తాజాగా లేకపోతే ఎంత ఘోరం జరుగుతుందో పిల్లలకి కళ్ళకి కట్టినట్టు చూపించాలని, కావాలనే ఈ ఏర్పాటు చేశాను. అమ్మాయికి పట్టిక మళ్ళీ వెయ్యమని చెప్పిందీ నేనే."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా వచ్చాయి. వెనక వరసలో అత్తయ్య కొంగు తీసేసి మరీ కొట్టింది. అది ఆయనకి కాదని మా ముగ్గురికే తెలుసు.

ఆ అధ్యాయం మార్చి రాసి పంపితే తాను ఒప్పుకుంటానని పరీక్షకురాలు రాసిచ్చి, రైలు తప్పిపోయిందని విసుక్కుంటూ వెళ్ళింది. సారు ఆ కాగితం మీద నా ముందే సంతకం పెట్టారు. కావాలనే చేశానని వందమంది ముందు చెప్పిన మనిషి, పెట్టనని ఏ నోటితో అంటాడు?

క్యాప్సూళ్ళాయన మాత్రం కదల్లేదు. నన్ను పక్కకి పిలిచాడు.

"మేడమ్, ఆ పాత విటమిన్ సి కంటే ఐతే గడ్డి నిజంగానే ఎక్కువ కదా?"

"చచ్చిపోయినదానికంటే ఎక్కువేనండీ. చీపురు కూడా ఎక్కువే."

"ఐతే కాగితం మార్చక్కర్లేదు. పక్కన చుక్క పెట్టి, కింద చిన్న అక్షరాల్లో 'పాత' అని వేస్తాం," అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "చీపురా? ఏ చీపురు?" అని అడిగాడు.

"మీ డబ్బా మీద నా పేరుగానీ బొమ్మగానీ కనపడితే, ఆ చీపురు తీసుకుని మీ ఆఫీసుకే వస్తాను. చూసుకుందురుగాని," అన్నాను.

అధ్యాయం తిరగరాశాను. డిగ్రీ వచ్చింది. గడ్డి ఖాళీ చేసిన మంచం మీద అత్తయ్య ఆ మధ్యాహ్నం గురక పెట్టి పడుకుంది. లేచాక, "వాసన లేకపోతే నిద్ర పట్టట్లేదే," అంది.

తర్వాత ఒకరోజు నా సామాను తెచ్చుకోడానికి ల్యాబుకెళ్ళాను. సారు కొత్త వ్యాసం అచ్చయిందట, పాతబడిన స్టాండర్డుల వల్ల పరిశోధనకి కలిగే ముప్పు మీద. మొదటి పేరు ఆయనది. నా పేరు చివర్లో, చిన్న అక్షరాల్లో ధన్యవాదాల కింద ఉంది, జాడీలు కడిగినందుకు.

"ఫ్రిజ్జు తెరిచి చూడమ్మా," అన్నాడు శాశ్వతం అన్నయ్య గుల్లల మధ్యనుంచి.

తెరిచాను. వైవా రోజు వేదిక మీద కలపగా మిగిలిన విటమిన్ సి నీళ్ళు, అదే గోధుమరంగు సీసాలో, అదే పైఅరలో. ప్లాస్టరు కొత్తది. ఎర్ర అక్షరాల కింద ఈసారి ఇంకో మాట చేర్చారు. 'తాజా స్టాండర్డు - ముట్టరాదు.'